గీత లోపలి ఆరు చుక్కలు

నా భార్యను ఈ ల్యాబు వాళ్లు చంపారు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఆరుసార్లు ఆమె రక్తం తీసుకున్నారు, ఆరుసార్లూ అంతా బాగుందని కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారు, ఏడోసారి అంకె పక్కన నల్లగా ఒక చుక్క గుర్తు పెట్టి డాక్టరును కలవండి అన్నారు. కలిశాం. నాలుగు నెలల్లో అయిపోయింది. రెండేళ్లుగా ఈ సంగతి అందరికీ ఇలాగే చెబుతున్నాను, బంధువులకు, కింది వాటా వాళ్లకు, ఫ్యాక్టరీలో నాతో పాటు రిటైరైన వాళ్లకు, అడిగిన వాళ్లకు, అడగని వాళ్లకు కూడా. ఇప్పుడు అదే ల్యాబులో, ఒకదానికొకటి కలిపి బిగించిన అవే ఇనుప కుర్చీల్లో, పరగడుపున కూర్చున్నాను. రక్తం ఇచ్చి ముప్పావుగంట అయింది. మోచేతి మడతలో దూది ఇంకా అంటుకునే ఉంది. చేతిలో ముప్పై ఏడో నంబరు చీటీ. గోడ మీద ఎర్ర అంకెల పెట్టె పంతొమ్మిది చూపిస్తోంది. నంబరు మారినప్పుడల్లా అది ఒక కూత కూస్తుంది, హాల్లో ఉన్న వాళ్లంతా తలెత్తి చూస్తారు, తమది కాదని తెలిసి కూడా చూస్తారు. నేను చూడను. పంతొమ్మిది తర్వాత ఇరవై వస్తుంది. అది చూసి తెలుసుకోవలసిన విషయం కాదు.

పక్కన మా అమ్మాయి. కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకు గణాంకశాస్త్రం చెబుతుంది. ఒళ్లో సంచి, సంచిలో పరీక్ష పేపర్లు, ఎర్ర పెన్ను, ఒక గళ్ల కాగితాల పుస్తకం. మూడు నెలలకోసారి నన్ను ఇక్కడికి లాక్కొస్తుంది. ఇది ఆరోసారి. వేరే ల్యాబు చూడు, ఈ గడప తొక్కనన్నాను మొదట్లో. "ఒకే మెషిన్ మీద కొలిస్తేనే పోల్చడానికి వీలవుతుంది నాన్నా, ఆ మాత్రం నీకు తెలీదా" అంది. తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు ఒకే మైక్రోమీటరుతో కొలిచిన వాడిని, అది నాకు ఒకరు చెప్పాలా? నోరు మూసుకుని వచ్చాను. వాళ్లమ్మ పోయిన వారానికి ఇల్లు సర్దుతూ ఆ పిల్ల నన్ను ఒక మాట అడిగింది. "అమ్మ రిపోర్టులు నీకు చూపించేదా నాన్నా?" చేతిలో మడత పెడుతున్న దుప్పటి ఉంది, నా వైపు చూడకుండానే అడిగింది. లేదన్నాను. మీ అమ్మ సంగతి నీకు తెలుసుగా, ఏదీ చెప్పేది కాదు అన్నాను. దుప్పటి మడత పూర్తయింది. మళ్లీ అడగలేదు. ఆ అబద్ధం అప్పటినుంచి నాతోనే ఉంది, నేను ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చుంటుంది, ఇప్పుడు నాకూ అమ్మాయికీ మధ్య కుర్చీ ఖాళీగా ఏమీ లేదు గానీ, ఉన్నట్టే ఉంది.

కౌంటరులో ఉన్నది ఆవిడే. కళ్లజోడు మారింది, మనిషి మారలేదు. నన్ను చూసి తల కీబోర్డు మీదికి దించుకుంది. దించుకోవాలి మరి. రెండేళ్ల కిందట ఇదే అద్దం మీద అరచేత్తో కొట్టి అరిచాను. ఆరుసార్లు చూశారు, ఒక్కసారి కూడా చెప్పడానికి నోరు రాలేదా అన్నాను. సెక్యూరిటీ వాడు వచ్చాడు. ఆవిడ భయపడలేదు, అదే నాకు గుర్తు. "మా దగ్గరికి వచ్చేది ఆరోజు రక్తం గొట్టం ఒక్కటే సార్. అంకె హద్దుల్లో ఉందా లేదా, అంతే చూస్తాం. పాత రిపోర్టులన్నీ మీ ఇంట్లోనే ఉంటాయి కదా సార్" అంది. సార్ అంటూనే అంది. ఆ మాటకు ఇంకా గట్టిగా అరిచాను. అలాంటి అరుపుకు అర్థం ఏమిటో నాకు తెలుసు. ఫ్యాక్టరీలో మా మేస్త్రీ కూడా అలాగే అరిచేవాడు, తప్పు తన షిఫ్టుదని తెలిసినరోజు ఆయన గొంతు షెడ్డు చివరిదాకా వినపడేది.

ఫ్యాక్టరీలో నా పని పిన్నులు కొలవడం. ఎనిమిది మిల్లీమీటర్ల మందం ఉక్కు పిన్నులు, వేలు పొడవు. గంటకు తొమ్మిది వందలు తొట్టిలో పడతాయి. తొమ్మిది వందలూ కొలవడం ఏ తల్లి కన్న బిడ్డ వల్లా కాదు. అందుకని గంటకు ఐదు తీస్తాం, కొలుస్తాం, సగటు కడతాం, మెషిన్ పక్కన తగిలించిన చార్టు మీద ఒక చుక్క పెడతాం. మా ఊరి బడిలో ఎనిమిది తరగతులకు ఇద్దరు పంతుళ్లు, వాళ్లలో ఒకాయన ఎప్పుడూ సెలవు. అక్కడ నేర్చుకున్న కూడికా భాగహారమే నాకు అన్నం పెట్టాయి. ఎలా తీయాలో మాత్రం ఫ్యాక్టరీలో ఒక ఇంజనీరు నేర్పాడు. లెక్కల సారు అనేవాళ్లం ఆయన్ని. తొట్టి పైనుంచి తీయకు అనేవాడు. పైన ఉన్నవి ఇప్పుడే పడినవి, అవి ఇప్పటి సంగతే చెబుతాయి, గంటంతా ఏం జరిగిందో చెప్పవు. చెయ్యి అడుగుకు పెట్టు, మూలలకు పెట్టు, కళ్లు మూసుకుని తియ్యి, నీ ఇష్టం అందులో కలవకూడదు. మిగతా ఇన్‌స్పెక్టర్లు పైపైన తీసి ముగించేవాళ్లు. నేను మోచేతి దాకా ముంచేవాడిని. చొక్కా కుడి చెయ్యి ఎప్పుడూ నూనె. ఆ చెయ్యి ఒక్కటే విడిగా నానబెట్టి ఉతికేది ఆమె. "మీ ఎడమ చెయ్యి పెద్దింటి బిడ్డ, కుడి చెయ్యి కూలిది" అనేది. ఇంకో మాట కూడా అనేది, ఎవరొచ్చినా అనేది, మా అమ్మాయి స్నేహితురాళ్ల ముందు కూడా అనేది. "ఈయన ఇంట్లో కూడా గంటకు ఐదు మాటలే తీస్తారు. ఆ ఐదూ పట్టుకుని మిగతా తొమ్మిది వందలూ నేనే అంచనా కట్టుకోవాలి." అందరూ నవ్వేవాళ్లు. నేను నవ్వేవాడిని కాదు. నవ్వితే పోయేదేముంది? ఏమీ లేదు. ఆ సంగతి ఇప్పుడు తెలిసి ఏం లాభం?

ఇరవై నాలుగు. అంకెల పెట్టె ఎప్పుడు అంత దూరం పోయిందో చూడలేదు. ఎదురుగా ఒకడు దగ్గుతున్నాడు, దగ్గు మధ్యలో చేతిలోని చీటీ చూసుకుంటున్నాడు. ఈ హాల్లో నలభై మందిమి ఉంటాం. ఎవరికీ ఏ జబ్బూ లేకపోయినా ఇద్దరికి అంకె హద్దు దాటే వస్తుంది. మా అమ్మాయి చెప్పింది. వాళ్లు హద్దులు గీసేదే అలాగట. ఆరోగ్యంగా ఉన్న వాళ్లను చాలామందిని పోగేసి, కొలిచి, నూటికి నడిమి తొంభై ఐదు మందిని లోపల ఉంచి, ఇటు ఇద్దరు ముగ్గురిని, అటు ఇద్దరు ముగ్గురిని బయటికి నెట్టి గీత గీస్తారు. బాగున్నవాడు బయట ఉండొచ్చు. బాగా లేనివాడు లోపల ఉండొచ్చు. ఆ గీత నీ గురించి గీసింది కాదు నాన్నా, గుంపు గురించి గీసింది అంది. ఇది చెప్పినరోజు ఆ పిల్ల నా ముఖం వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

గుంపు అంటే ఏమిటో లెక్కల సారు మాకు మాటలతో చెప్పలేదు. చెక్క పలక తెచ్చి, పనికిరావని తీసేసిన పిన్నుల్నే దాని మీద వరసలు వరసలుగా కొట్టించాడు. పైనుంచి చిన్న ఉక్కు గుండు వదిలితే, ఒక్కో పిన్నుకు తగిలి కుడికో ఎడమకో తిరుగుతూ కిందికి వస్తుంది. కింద అరలు. "ఈ గుండు ఏ అరలో పడుతుందో చెప్పగలవా?" అన్నాడు. చెప్పలేనన్నాను. "ఐదు వందల గుండ్లు వదిలితే ఎలా పడతాయో?" వదిలి చూపించాడు. నడుమ ఎత్తుగా కుప్ప, రెండు పక్కలకూ జారుతూ పల్చన, చివరి అరల్లో ఒకటీ అరా. మళ్లీ వదిలాడు, మళ్లీ అదే ఆకారం. గుడి గంట ఆకారం, దీన్ని గంట గీత అంటారు అన్నాడు. వెనకనుంచి ఒకడు "గంట కాదు సారూ, మన మేస్త్రీ వెల్లకిలా పడుకున్నప్పుడు పొట్ట" అన్నాడు. మేస్త్రీ అక్కడే ఉన్నాడు. "నీ ముఖానికి ఈ పొట్ట పెరగాలంటే ఇంకో జన్మ ఎత్తాలిరా" అన్నాడు. సారు కూడా నవ్వాడు. అప్పటినుంచి షెడ్డులో దాని పేరు మేస్త్రీ పొట్ట. నేను ఆ పలక వైపు చూస్తూనే ఉన్నాను. ఒక్క గుండు సంగతి ఎవడికీ తెలియదు, ఐదు వందల సంగతి అందరికీ తెలుసు. నా బడి చదువులో ఇంత వింత ఎప్పుడూ వినలేదు. ఇంటికి వెళ్లి ఆమెకు చెప్పాలనుకున్నాను. చెప్పానా? గుర్తులేదు. చెప్పి ఉండను.

ఆ తర్వాత చార్టు. నడుమ ఒక గీత, అది సగటు. పైన ఒక గీత, కింద ఒక గీత, అవి హద్దులు. చుక్క హద్దు దాటితే మెషిన్ ఆపాలి, అది అందరికీ తెలిసిందే. సారు చెప్పిన రెండో సూత్రం మాత్రం చాలామంది మరిచిపోయేవాళ్లు. చుక్కలు హద్దుల లోపలే ఉన్నా సరే, వరసగా ఆరు చుక్కలు ఒకదాని కింద ఒకటి దిగుతూ పోతే, ఆపు. ఎందుకు సారూ, లోపలే ఉన్నాయిగా అన్నాడు ఒకడు. "ఆరు వేర్వేరు అంకెల్ని చీటీల మీద రాసి టోపీలో కలిపి ఒక్కొక్కటే తీస్తే, ఏడు వందల ఇరవై రకాలుగా రావచ్చు. పెద్దదాని నుంచి చిన్నదాకా వరసగా దిగుతూ వచ్చేది అందులో ఒక్కటే. ఏడు వందల ఇరవైలో ఒకటి నీ కళ్లముందు జరిగితే, అది నీ అదృష్టం అనుకుంటావా, మెషిన్‌లో ఏదో అరుగుతోంది అనుకుంటావా?" అరుగుతోంది అనుకుంటాను సారూ అన్నాను నేను. మొత్తం షెడ్డులో జవాబు చెప్పింది నేనొక్కడినే. ఇంజనీరు నా భుజం తట్టాడు. నీలం పెన్సిలు ఆరోజే ఇచ్చాడు. పాసైన తొట్టికి చీటీ మీద నీలం టిక్కు, అది లేకుండా తొట్టి కదలకూడదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ టిక్కు నాదే.

ఆమె పని కుట్టు. ఇంట్లోనే, కిటికీ పక్కన మెషిన్. బడి యూనిఫారాలు అమ్మే కొట్టుకు చొక్కాలు కుట్టేది. నడిమి సైజులు గుట్టలు గుట్టలు, చిన్న సైజులు పది, పెద్ద సైజులు పది. మేస్త్రీ పొట్ట ఎవరూ నేర్పకుండానే ఆమె బీరువాలో అరలు అరలుగా ఉండేది. ఏ సైజూ సరిపోని పిల్లల్ని కొట్టువాడు ఆమె దగ్గరికే పంపేవాడు, మరీ సన్నగా ఉన్నవాళ్లు, మరీ లావుగా ఉన్నవాళ్లు, ఒక భుజం కిందికి ఉన్నవాళ్లు. వాళ్ల తల్లులు వచ్చి ముందుగా ఒకటే అడిగేవాళ్లు. ఈ వయసు పిల్లలకు మామూలుగా ఎంత కొలత ఉంటుందండీ? ఆమె పళ్ల మధ్య గుండుసూది పెట్టుకునే జవాబు చెప్పేది. "వేరే పిల్లల కొలత మనకెందుకమ్మా? వీడి నిరుటి చొక్కా తెచ్చావా?" పాత చొక్కా పరిచి, కొత్త కొలత దాని పక్కన పెట్టి చూసుకునేది. ఎక్కడ పెరిగాడో, ఎక్కడ తగ్గాడో. ఒకసారి ఒక తల్లితో "వీడు పొడుగయ్యాడు గానీ ఛాతీ తగ్గిందమ్మా, ఎవరికైనా చూపించు" అంది. ఆ పిల్లవాడు గీతల లోపలే ఉన్నాడు. ఆమె చూసింది పాత చొక్కాను. నేను అదే గదిలో పేపరు చదువుతున్నాను. విన్నాను కూడా.

ఇరవై తొమ్మిది. ఎవరో పెద్దావిడ మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని నిలబడింది. మెట్లు. మాది మూడో అంతస్తు. ఆమె రెండు చేతులా సంచులతో ఆగకుండా ఎక్కేది, వెనక నేను తాళంచెవి వెతుక్కుంటూ ఎక్కేవాడిని. ఒక ఏడాది మూడో అంతస్తు మలుపులో ఆగింది. చెప్పు సర్దుకుంటున్నా అంది. తర్వాత ఎప్పుడో రెండో అంతస్తు దగ్గర ఆగింది. మళ్లీ చెప్పే. ఆ తర్వాత మొదటి అంతస్తు. చెప్పులు మార్చు, కొత్తవి కొనుక్కో అన్నాను. కొనుక్కుంది. కొత్త చెప్పులు కూడా మొదటి అంతస్తు మలుపులోనే సర్దుకుంది. మూడు, రెండు, ఒకటి. ఇంత పెద్ద చార్టు ఇంటి మెట్ల మీద గీసి ఉంటే ముప్పై ఒక్క ఏళ్ల ఇన్‌స్పెక్టరు తాళంచెవి వెతుక్కున్నాడు. ఎలా ఉన్నావు అంటే బాగానే ఉన్నాను అనేది. అది తొట్టి పైన ఉన్న పిన్ను. చెయ్యి అడుగుకు పెట్టాలని నాకు తెలుసు. తొట్టికి పెట్టాను. ఇంటికి వచ్చేసరికి చేతులు కడుక్కునేవాడిని.

రిపోర్టులు ఫ్యాక్టరీ వల్ల వచ్చాయి. కార్మికుల కుటుంబాలకు ఆరు నెలలకోసారి పరీక్షలు, ఈ ల్యాబులోనే. మొదటిది తెచ్చి నా పళ్లెం పక్కన పెట్టింది. "ఏమండీ ఇన్‌స్పెక్టరు గారూ, ఈ సరుకు కూడా కాస్త చూసి పంపండి. మీ టిక్కు లేందే కదలదట కదా." రక్తం, అంటే హిమోగ్లోబిన్, పద్నాలుగు పాయింట్ ఎనిమిది. పక్కన బ్రాకెట్లో హద్దులు, పన్నెండు నుంచి పదిహేనున్నర. జేబులోంచి నీలం పెన్సిలు తీసి టిక్కు పెట్టాను. ఆమె పెద్దగా నవ్వింది. ఆ ఒక్కరోజు నేను కూడా నవ్వాననుకుంటాను. అప్పటినుంచి అదొక ఆనవాయితీ అయింది. రిపోర్టు వస్తుంది, పళ్లెం పక్కన పెడుతుంది, నేను హద్దులు చూస్తాను, టిక్కు పెడతాను, ఆమె ఫైల్లో పెట్టి రిబ్బను కడుతుంది. పద్నాలుగు పాయింట్ మూడు, టిక్కు. పదమూడు పాయింట్ తొమ్మిది, టిక్కు.

నాలుగోది వచ్చిన రోజు. దాని దగ్గరికి రాకుండా ఎక్కడెక్కడో తిరిగాను, కానీ అది ఉంది. ఆరోజు పొద్దున రెండో లేతు మెషిన్ చార్టు మీద ఆరో చుక్క పెట్టాను. ఆరూ లోపలే ఉన్నాయి, ఆరూ దిగుతున్నాయి. మెషిన్ ఆపేశాను. మేస్త్రీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. "నీకేమైనా పిచ్చా? లోపలున్న సరుకును ఆపుతావా? పై వాళ్లకు నువ్వు చెప్పుకుంటావా?" చెప్పుకుంటానన్నాను. విప్పి చూశారు. టూలును పట్టి ఉంచే బిగింపు వదులై, అణువంత అణువంతగా లోపలికి జరుగుతోంది. ఇంకో రెండు గంటలు పోతే వేల పిన్నులు పనికిరాకుండా పోయేవి. మేనేజరు స్వయంగా వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు, నూనె చెయ్యే. మేస్త్రీ సాయంత్రం టీ తాగించాడు. ఆ రాత్రి అన్నం ముందు నేను ఐదు మాటలు కాదు, ఐదు వందలు మాట్లాడాను. ఆరు చుక్కలు, ఏడు వందల ఇరవై, టోపీలో చీటీలు, అన్నీ చెప్పాను. పళ్లెం అంచు మీద వేలితో చుక్కలు పెట్టి చూపించాను. ఆమె కళ్లు పెద్దవి చేసుకుని వింది. ఎన్నేళ్లకు నన్ను అలా చూసిందో. వింటూ వింటూ నాలుగో రిపోర్టు నా పక్కన పెట్టింది. పదమూడు పాయింట్ నాలుగు. మాట ఆపకుండానే టిక్కు పెట్టాను. చెబుతున్నది వరసగా దిగే చుక్కల గురించి. పెట్టింది వరసగా దిగే నాలుగో చుక్క మీద.

ఐదోది పన్నెండు పాయింట్ తొమ్మిది. ఆరోది పన్నెండు పాయింట్ మూడు. ఆరోది పెట్టినప్పుడు ఆమె వెంటనే చేతిలోంచి వదల్లేదు. "ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గుతున్నట్టుంది కదండీ? మీ చుక్కల్లాగా?" మీ చుక్కల్లాగా అంది. తనకు అర్థమైంది. ఒక్క రాత్రి చెబితే అర్థమైంది. పాత చొక్కాలు చూసే మనిషి. నేనేమన్నాను? "పన్నెండుకు పైనే ఉంది. హద్దులో ఉన్నదాన్ని ఆపితే నవ్విపోతారు. నేను పాస్ చేశానంటే పాసే." మేస్త్రీ మాట. మేస్త్రీ నన్ను తిట్టిన మాటే, నేను ఆమెకు చెప్పాను. ఎందుకు? విసుగు. ఇంట్లో కూడా ఇదేనా అని విసుగు. ఇంతకు మించి చెప్పుకోవడానికి కారణమేమీ లేదు. ఆమె సరే అంది. ఫైలుకు రిబ్బను కట్టింది. ఏడోది పది పాయింట్ ఒకటి. పెద్దపేగులో పుండు, మానే రకం కాదు, రెండున్నరేళ్లుగా బొట్టు బొట్టుగా కారుతోంది అన్నాడు డాక్టరు. ముందే తీసుకురావలసింది అన్నాడు. ఆమె నా వైపు చూడలేదు. ఆ నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా ఆ టిక్కుల మాట ఎత్తలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే ఎంత బాగుండేది! తిట్టలేదు. ఆఖరి వారంలో నర్సుతో "మా ఆయన మాట్లాడరమ్మా, నువ్వే అంచనా కట్టుకోవాలి" అంది. నర్సు నవ్వింది. ఫైలు తీసుకెళ్లి మైక్రోమీటరు ఉంచే రేకు పెట్టె అడుగున పెట్టి తాళం వేశాను.

ముప్పై మూడు. అమ్మాయి పేపర్లు దిద్దడం ఆపి గళ్ల పుస్తకం తీసింది. పెన్సిలు చెక్కుకుంది. ఒక పేజీ తెరిచింది. నడుమ గీత, పైన గీత, కింద గీత. ఐదు చుక్కలు, ఒకటి పైకి, ఒకటి కిందికి, ఏ వరసా లేకుండా. నావి. ఆరో చుక్కకు ఖాళీ ఉంచింది. నేను చూస్తుండగానే గాలికో, వేలికో, పేజీ వెనక్కి తిరిగింది. వెనక పేజీలో కూడా మూడు గీతలు. వాటి మధ్య ఆరు చుక్కలు, మెట్లు దిగినట్టు దిగుతూ. ఏ అంకే రాయలేదు. అక్కర్లేదు. అమ్మాయి పేజీ మళ్లీ తిప్పబోయి, ఆగి, తిప్పలేదు.

"క్లాసులో చూపించావా ఇది?" అన్నాను.

"చూపించా నాన్నా. ఎవరివో చెప్పలేదు. ఒక మెషిన్ అన్నాను."

"ఏమన్నారు పిల్లలు?"

"ఒక్కొక్క చుక్కే పెడుతూ వెళ్లా. నాలుగో చుక్క దగ్గర వెనక బెంచీ అమ్మాయి లేచి, మేడమ్, ఆపండి అంది. ఆరూ అయ్యేదాకా ఆగాలి, అది సూత్రం అన్నా. ఆరూ పెట్టాక, ఇది ఎవరూ చూడలేదా మేడమ్ అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

పెన్సిలు మొన మీద వేలు పెట్టుకుంది. "ఎవరూ చూడలేదన్నా."

నా కోసం. బెంచీల నిండా పిల్లలున్న గదిలో, చెప్పే పాఠంలో, మా అమ్మాయి నా అబద్ధాన్నే మళ్లీ చెప్పింది. గోడ మీద పెట్టె కూసింది. ముప్పై ఆరు. ఇంకొక్క నంబరు.

"చూపించింది. చూశాను. టిక్కు నేనే పెట్టాను."

ఐదు మాటలు. లెక్కపెట్టి చెప్పలేదు, వచ్చినవి అన్ని. మిగతావి ఆమె ఉంటే అంచనా కట్టేది.

"తెలుసు నాన్నా" అంది అమ్మాయి. "మైక్రోమీటరు క్లాసుకు కావాలని పోయిన ఏడాది పెట్టె తాళం తీసుకున్నాగా. ఆరు కాగితాల మీదా నీలం టిక్కు ఉంది. నువ్వే చెబుతావని చూస్తున్నా."

ఏడాది. ఏడాదిగా నన్ను ఇక్కడికి తీసుకొస్తూ, పక్కన కూర్చుని, నేను ల్యాబు వాళ్లను తిడుతుంటే వింటూ. వాళ్లమ్మ పోలికే, ఒక్క మాట అనదు.

"నాన్నా, నాలుగో చుక్క దగ్గరే ఆపినా ఏమై ఉండేదో ఎవరూ చెప్పలేరు. నువ్వే చెప్పేవాడివిగా, ఒక్క గుండు సంగతి ఎవరికీ..."

"ఆపాక ఏమవుతుందో చూడటం ఇన్‌స్పెక్టరు పని కాదమ్మా. ఆపడమే వాడి పని."

ముప్పై ఏడు. లేచాను. కౌంటరు ఆవిడ కాగితం అద్దం కిందనుంచి జరిపింది, తలెత్తకుండానే. ఆవిడకు ఒక మాట చెప్పవలసి ఉంది. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు. కాగితం తెచ్చి, హద్దులు చూడకుండా, అమ్మాయికి ఇచ్చాను. అంకె చూసి పెన్సిలుతో చుక్క పెట్టింది. "బాగానే ఉంది నాన్నా" అంది. పోయినసారిది పక్కన పెట్టు అన్నాను. దాని ముందువి కూడా. పెట్టింది. ఆరూ కళ్లతో చూశాను, ఒకటి తర్వాత ఒకటి, నిరుటి చొక్కా పరిచి చూసినట్టు. ఆరు చుక్కల్నీ చూడటానికి నిమిషం కూడా పట్టలేదు. నిమిషం కూడా పట్టదన్నమాట.

అమ్మాయి పుస్తకం మూసింది. మోచేతి దూది పీకి చెత్తబుట్టలో వేశాను. బయట ఎండ బాగా వచ్చింది. మెట్ల దగ్గర ఆ పిల్ల ఏదో అనబోయింది, వద్దన్నట్టు చెయ్యి ఎత్తాను. చెప్పవలసింది చెప్పాను, వినవలసిన మనిషి వింది. ఇక మీదట ల్యాబు వాళ్లు చంపారని ఎవరితోనూ అనను. నేనని కూడా అనను. బంధువులు అడిగినా, మా అమ్మాయి అడిగినా, ఈ మాట నా నోట మళ్లీ రాదు.